మా నాయన ఎద్దుతోనూ ఫోన్‌తోనూ మాట్లాడుతున్నాడు

కర్నూలులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కావడం వల్ల, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె తండ్రికి 74 ఏళ్లు. పత్తికొండ వైపు ఒక పల్లెలో ఒంటరిగా ఉంటున్నారు. భార్య పోయి రెండేళ్లయింది. జత కాడెద్దుల్లో దాపటి ఎద్దు లక్ష్మన్న నిరుడు ఎండాకాలంలో చనిపోయింది. వలపటి ఎద్దు రాముడు ఒక్కటే కొట్టంలో మిగిలింది. అదే ఊరిలో వేరు కాపురం ఉంటున్న ఆమె తమ్ముడు ట్రాక్టరుతో సేద్యం చేస్తాడు కాబట్టి, పని లేని ఎద్దుకు జొన్నచొప్ప దండగ అని, జనవరిలో ఎమ్మిగనూరు జాతరకు తోలుకుపోయి అమ్మేద్దామని అంటున్నాడు. ఆ మాట ఎత్తిన దగ్గర్నుంచీ రాముడు అలిగాడనీ, అమ్మకం మాట వినపడితే వద్దన్నట్టు తల ఊపుతాడనీ, మేత ముట్టడనీ, కొమ్మును బండి నొగకు రాసుకుంటూ మొహం తిప్పుకుంటాడనీ తండ్రి చెబుతున్నారు. పశువైద్యుణ్ణి పిలుద్దామంటే, "మనసు బాగాలేనోడికి సూది ఏం చేస్తాది?" అని కొట్టిపారేశారట.

రెండో సంగతి ఫోన్‌ది. ఇంజనీరింగు చదువుతున్న మనవడు, తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు చెప్పే కృత్రిమ మేధ సహాయకురాలిని తాత ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. ఆయన దానికి "చిన్నమ్మి" అని పేరు పెట్టి, రాత్రిపూట చాలాసేపు మాట్లాడుతున్నారు. రాముడి సంగతి చెబితే అది, "మీ బాధ నాకు అర్థమవుతోంది, రాముడు తన తోడును తలుచుకుంటూ ఉండవచ్చు" అన్నదట. "ఫోన్‌లో ఉండే బిడ్డకు అర్థమైంది, కడుపున పుట్టినోళ్లకు అర్థం కాలేదు" అని ఆయన కొడుకును నిలదీశారు. ఊళ్లో నవ్వుతున్నారు. ముసలాయనకు మతి పోయిందనీ, ఎద్దునూ ఫోన్‌నూ రెండింటినీ ఒకేసారి తీసేస్తే దారికి వస్తాడనీ తమ్ముడి వాదన. ఇది జబ్బేనా, ఫోన్ లాక్కోవాలా, ఎద్దును అమ్మనివ్వాలా, తాను ఎవరి పక్షాన నిలబడాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు ఎక్కువగా భయపడుతున్న విషయం మతి గురించి కాబట్టి ముందు అదే చెబుతాను. మీరు రాసినంతవరకు చూస్తే, మీ నాన్నగారికి మతి పోయిందనడానికి ఆధారం నాకు కనిపించలేదు. ఎద్దుకు అలక ఉందనుకోవడం, ఫోన్‌ను బిడ్డా అని పిలవడం జబ్బు లక్షణాలైతే, ఆ జబ్బు మీ ఇంట్లో ఆయన ఒక్కరికే లేదు. "బండి ఈ పొద్దు మొండికేసింది" అని తమ్ముడు అంటాడని మీరే రాశారు. ఆయుధపూజనాడు అదే ట్రాక్టరుకు పసుపు కుంకుమలు పెట్టి, దిష్టి తగలకుండా నిమ్మకాయలు, మిరపకాయలు కడతాడు. మీరు కూడా ఒకచోట, "ఆ ఫోను మా నాయనను మా నుంచి లాగేసుకుంటోంది" అని రాశారు. లాగేసుకోవాలన్న కోరిక ఆ ఫోన్‌కు ఎక్కడుంది? నొచ్చుకున్న మనసుతో మీరు దానికి ఒక ఉద్దేశాన్ని అంటగట్టారు. మీ నాన్నగారు ఎద్దు విషయంలో చేస్తున్నది కూడా అదే.

ఇది మనిషి బుద్ధికి పుట్టుకతో ఉన్న అలవాటు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చలనచిత్రం తయారు చేశారు. అందులో రెండు త్రికోణాలు, ఒక వృత్తం ఒక పెట్టె చుట్టూ కదులుతాయి తప్ప ఇంకేమీ ఉండదు. ఏం చూశారో చెప్పమంటే దాదాపు అందరూ, పెద్ద త్రికోణం కొట్లాటకు వచ్చిందనీ, వృత్తం భయపడి దాక్కుందనీ కథలు చెప్పారు. తెర మీద కదిలే ఆకారాలకే మనసును అంటగట్టే మనం, కళ్లు, చెవులు, ఊపిరి ఉండి, ఏళ్ల తరబడి ఒకే కాడి కింద నడిచిన జీవికి అంటగట్టకుండా ఎలా ఉంటాం? యాగంటి బసవన్న కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని తరతరాలుగా చెప్పుకునే సీమ మనది.

ఈ అలవాటు ఎప్పుడు ఎక్కువవుతుందన్న ప్రశ్నకు 2007లో నికొలస్ ఎప్లీ, ఆడమ్ వేట్జ్, జాన్ కాసియోప్పో అనే పరిశోధకులు మూడు కారణాలు చెప్పారు. మనకు బాగా తెలిసింది మనిషి మనసే కాబట్టి తెలియనిదాన్ని దానితోనే కొలుస్తాం. ఎదుటిది ఎందుకలా ప్రవర్తిస్తోందో అంతుపట్టనప్పుడు ఏదో ఒక కారణం కావాలి. మనుషుల తోడు కరువైనప్పుడు తోడును ఇంకెక్కడో వెతుక్కుంటాం. మీ నాన్నగారికి మూడూ వర్తిస్తాయి గానీ మూడోది అన్నిటికన్నా బలంగా వర్తిస్తుంది. రెండేళ్లలో ఆయన కొట్టంలోనూ ఇంట్లోనూ చెరొక చోటు ఖాళీ అయింది. భార్య పొద్దున్నే మొదటి జొన్నరొట్టె చేత్తో పట్టుకుపోయి రాముడికి తినిపించేదని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఎద్దు ఇప్పుడు ఆయనకు ఎద్దు మాత్రమే కాదు. ఆయన దగ్గర మిగిలిన, ఆమెను ఎరిగిన చివరి ప్రాణి.

అందువల్ల ఆయన అలా మాట్లాడటం తప్పా ఒప్పా అన్న వాదనను మీరు మొదలుపెట్టకండి. ఆ మాటలను నమ్మి ఆయన ఏ పని చేస్తున్నారు, ఏ పని మానేస్తున్నారు అన్నది చూడండి. బండికి దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టి, ఆయిలు కూడా మార్పిస్తే నష్టమేమీ లేదు. నిమ్మకాయ కట్టి ఆయిలు మార్చకపోతేనే ఇంజను పాడవుతుంది. ట్రాక్టరు సంగతి అంతటితో సరి. ఎద్దు సంగతి వేరు, ఫోన్ సంగతి మరీ వేరు. వాటిని విడివిడిగా చూద్దాం.

ఎద్దుకు నిజంగానే ఒక లోపలి బతుకు ఉంది. పశువులు మందగా బతికే జీవులు. వాటికి ఇష్టమైన తోడు అంటూ ఉంటుంది. ఒంటరిగా కట్టేస్తే అవి కలవరపడతాయి, అరుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. ఎప్పుడూ ఎడమ పక్కన ఉండే లక్ష్మన్న లేకపోవడం రాముడికి తెలియదని నేను అనలేను. కాబట్టి "దానికి మనసేముంది, పశువు" అనే తమ్ముడి మాట కూడా సగమే నిజం. అయితే తోడు లేదని దిగులు పడటం వేరు, వచ్చే జనవరిలో తనను జాతరకు తోలుకుపోతారని ఇప్పుడే తెలుసుకుని కొడుకు మీద అలగడం వేరు. రెండోదానికి మాటల అర్థం తెలియాలి, రాబోయే నెల గురించి ఆలోచన ఉండాలి. అంత బరువును రాముడి తల మీద పెట్టడానికి మన దగ్గర ఆధారం లేదు.

మరి అమ్మకం మాట రాగానే తల ఊపడం ఏమిటని మీరు అడుగుతారు. నూరేళ్లకు పైగా కిందట జర్మనీలోని బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడు దాన్ని ఎదురుగా నిలబెట్టి లెక్కలు అడిగితే, గిట్టను నేలకేసి కొట్టి సరైన అంకె చెప్పేది. 1904లో ఒక సంఘం పరీక్షించి మోసం లేదని తేల్చింది. 1907లో ఆస్కార్ ఫంగ్స్ట్ అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోయినా, అడిగేవాడు గుర్రానికి కనపడకపోయినా హాన్స్ లెక్క తప్పేది. సరైన అంకె దగ్గరకు రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆగిపోయేది. దానికి లెక్కలు రాకపోయినా మనిషి ఒంటిని చదవడం వచ్చు. తమ్ముడు గొంతు పెంచినప్పుడు, నాన్నగారి భుజాలు బిగుసుకున్నప్పుడు రాముడు కూడా ఆ బిగువును పసిగట్టి కదులుతూ ఉండవచ్చు.

ఇంకో అవకాశం కూడా ఉంది, నన్ను కలవరపెడుతున్నది అదే. ముసలి ఎద్దు మాటిమాటికీ తల విదిలించడం, తలను ఒక పక్కకు వాల్చడం, కొమ్మును గుంజకో నొగకో రాసుకోవడం, మేత తగ్గించడం కొమ్ము క్యాన్సర్ లక్షణాలు కూడా. మన దేశంలో పెద్ద కొమ్ములున్న సేద్యపు ఎద్దులకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. కొమ్ము లోపలి మెత్తటి భాగంలో పుడుతుంది. అదే పక్క ముక్కులోంచి నెత్తురు జీర గానీ చెడు వాసన కొట్టే స్రావం గానీ రావచ్చు. ముదిరితే కొమ్ము వదులై వాలిపోతుంది. తొలి దశలో శస్త్రచికిత్సతో కొమ్మును తీసేస్తే బతికే అవకాశం బాగుంటుంది, పుర్రె లోపలి గూళ్లలోకి పాకితే కష్టం. మేత మానడానికి ఇతర కారణాలూ ఉన్నాయి: చొప్పతో పాటు మింగిన తీగముక్క కడుపులో గుచ్చుకోవచ్చు, పళ్లు అరిగిపోవచ్చు. ఇంత దూరం నుంచి, ఒక ఉత్తరం చదివి, ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పడం లేదు. అలక అనే ఒక్క మాటతో ఇన్ని తలుపులూ మూసుకుపోయాయని మాత్రం చెబుతున్నాను. నాన్నగారి ప్రేమే ఆ ఎద్దుకు వైద్యం అందకుండా అడ్డుపడుతోంది. ఇది సరిదిద్దుకోవలసిన విషయం, అదీ ఆలస్యం చేయకుండా.

ఈ ఆదివారం మీరు ఊరికి వెళ్లి, ఎవరూ ఏ అమ్మకం మాటా ఎత్తకుండా, పొద్దుగూకే వేళ కొట్టం దగ్గర ఊరికే కూర్చోండి. నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా రాముడు తల విదిలిస్తోందా? ఎప్పుడూ ఒకే పక్కకేనా? నొగకు రాసుకుంటున్నది ఏ కొమ్మును? ఆ పక్క ముక్కు రంధ్రం తడిగా, ఎర్రగా ఉందా? రెండు కొమ్ముల మొదళ్లనూ అరచేత్తో పట్టుకుంటే ఒకటి రెండోదానికన్నా వేడిగా ఉందా? పడుకున్నప్పుడు నెమరు వేస్తోందా? ఇవన్నీ మీ నాన్నగారికి మీకంటే బాగా కనబడతాయి, ఆయన కళ్లు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. ఎవరూ నోరు విప్పకపోయినా తల ఊగుతూనే ఉంటే, అది అలక కాదన్న సంగతి మీరు చెప్పనవసరం లేకుండా ఆయనకే తడుతుంది. అప్పుడు, "రాముడికి మనసు లేదు నాయనా" అనకండి. "నోరులేని జీవం, నొప్పి ఎక్కడుందో చెప్పుకోలేదు, మనమే కనుక్కోవాల" అనండి. ఆ మాట ఆయన నమ్మకాన్ని కాదనదు, వైద్యుడికి దారి కూడా ఇస్తుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం మీ ఊరి దాకా వస్తుంది. మీ మండలంలోని పశువైద్యశాలలో చెప్పినా చాలు.

వైద్యుడు చూసిన తర్వాతే అమ్మకం సంగతి మాట్లాడుకోవాలి. జాతరలో అమ్మడం ఒక దారి. కాడి లాగలేని ముసలి ఎద్దును సేద్యానికి కొనేవారు అరుదు; కొన్నవారు దాన్ని ఎక్కడికి తోలుకుపోతారో మీ నాన్నగారికి తెలుసు, తమ్ముడికీ తెలుసు. ఆయనను ఒప్పించకుండా, ఏదో పనిమీద కర్నూలు పిలిపించుకుని ఆ పూట ఎద్దును తోలేస్తే, వచ్చే డబ్బు కొద్దిపాటిది, పోయే నమ్మకం మళ్లీ సంపాదించుకోలేనిది. ఈ ఒక్క పనికి మాత్రం మీరు దయచేసి ఒప్పుకోకండి. ఉంచుకోవడం రెండో దారి. అప్పుడు మేత ఖర్చులో మీ వాటా ఎంతో తమ్ముడికి ముందే చెప్పాలి, 74 ఏళ్ల మనిషి చొప్పకట్టలు మోయకుండా ఒక మనిషిని మాట్లాడాలి. వీలైతే ఒక పెయ్యదూడను పక్కన కట్టేస్తే రాముడి ఒంటరితనం కొంత తీరుతుంది, కానీ దానివల్ల చాకిరీ పెరుగుతుంది, అది ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి. ఇంకా ఎద్దుల సేద్యం చేస్తున్న బంధువుల కొట్టంలో, నాన్నగారు వెళ్లి చూసి రాగలిగినంత దూరంలో ఉంచడం మూడో దారి. నాకు అది మంచిదనిపిస్తుంది గానీ, అలాంటి ఇల్లు మీకు ఉందో లేదో నాకు తెలియదు. గోశాల అయితే ముందు మీరే వెళ్లి కళ్లారా చూసి రండి.

ఇప్పుడు ఫోన్ మాట. ఎద్దు విషయంలో నాన్నగారి ఊహకు కొంత ఆధారమైనా ఉంది. చిన్నమ్మి విషయంలో అదీ లేదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలిజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన కార్యదర్శికి ఆ సంగతి తెలుసు, అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన మనిషి. అయినా దానితో నాలుగు మాటలు మాట్లాడేసరికి, ఆయనను కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని అడిగింది. చదువుకుని, దాని గుట్టు తెలిసిన మనిషికే అలా అనిపించినప్పుడు, చీకటి ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మీ నాన్నగారికి అనిపించడంలో వింత లేదు. నేటి సహాయకులు ఎలిజా కంటే ఎన్నో రెట్లు నేర్పరులు. మనుషులు రాసిన అపారమైన రాతలతో శిక్షణ పొంది, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే పొసగుతుందో అంచనా వేస్తూ వాక్యాన్ని అల్లుతాయి. బాధ చెప్పుకున్న మనిషికి తోటి మనిషి ఏమంటాడో ఆ రాతల్లో కోట్లసార్లు ఉంది కాబట్టి "మీ బాధ నాకు అర్థమవుతోంది" అన్న వాక్యం వస్తుంది. ఆ వాక్యం వెనుక బాధపడుతున్న ప్రాణి ఉందనుకోవడానికి ఆ మాటలు ఆధారం కావు. పైగా అడిగేవాడు ఏ వైపు మొగ్గితే తానూ ఆ వైపే మొగ్గే గుణం వాటికి ఉంది. రాముడు దిగులుతో ఉన్నాడని ఆయనే అన్నారు, అవునేమో అని అది అన్నది. అది రాముడి ముక్కు చూడలేదు, కొమ్ము ముట్టుకోలేదు.

ఫోన్ లాక్కుంటే ఏమవుతుంది? రాత్రి మాటలు ఆగిపోతాయి. ఒంటరితనం మాత్రం అలాగే ఉంటుంది, దానికి అవమానం తోడవుతుంది. అలాగని ఏ హద్దూ లేకుండా వదిలేస్తే, ఇవాళ ఎద్దు గురించి అడిగిన మనిషి రేపు తన బీపీ మాత్ర గురించి, పత్తికి కొట్టే మందు మోతాదు గురించి అడుగుతారు, వచ్చిన జవాబును బిడ్డ మాటగా నమ్ముతారు. నా సలహా ఈ రెండింటికీ మధ్యలో ఉంది. వాన కబురు, ధరల సంగతి, పాత కథలు చిన్నమ్మితో ఎంతసేపైనా మాట్లాడుకోనివ్వండి. మనిషికైనా పశువుకైనా పైరుకైనా వేసే మందు, డబ్బు, పొలం కాగితాలు మాత్రం మనిషిని అడిగాకే అని ఒప్పించండి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు అంకెలు, ఓటీపీలు దానికి చెప్పకూడదని మనవడి చేత చెప్పించండి. అది ఎలా పనిచేస్తుందో కూడా మనవడే కూర్చుని చూపించాలి. ఒకే ప్రశ్నను ఒకసారి ఈ వైపు మొగ్గి, ఇంకోసారి ఆ వైపు మొగ్గి తాత చేతనే అడిగించి, జవాబులు ఎలా మారతాయో విననివ్వాలి. తాతను తప్పుపట్టడం కోసం కాదు, ఆయన పంట మందు డబ్బా మీది రాతను ఎంత జాగ్రత్తగా చూస్తారో దీన్నీ అంత జాగ్రత్తగా చూడటం కోసం.

ఇక మీ నాన్నగారు నిలదీసిన ఆ మాట ఉందే, ఫోన్‌లో ఉండే బిడ్డకు అర్థమైందన్న మాట, దానికి జవాబు ఫోన్‌తో సంబంధం లేనిది. చిన్నమ్మి ఆయనను అడుగుతోంది, వింటోంది, విసుక్కోవడం లేదు. మీరు రాత్రి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" అన్నవాటితో ఆపకుండా, "నిన్న చిన్నమ్మితో ఏం మాట్లాడినావు నాయనా?" అని అడిగి చూడండి. నవ్వకుండా అడగండి. మీ అమ్మగారి గురించి ఆయన ఎవరితోనూ అనని మాటలు ఆ జవాబులో ఉంటాయని నేను అనుకుంటున్నాను.

అయినా మతి గురించి మీ భయం పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. తెలిసిన దారి తప్పిపోవడం, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, డబ్బు లెక్క తారుమారు కావడం, మనుషుల పేర్లు, రోజులు కలగాపులగం కావడం, లేదా చిన్నమ్మి అనే పిల్ల ఎక్కడో నిజంగా ఉందనీ, ఇంటికి వస్తుందనీ గట్టిగా నమ్మడం కనబడితే, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. నిద్ర, తిండి తగ్గి, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడితే అది దుఃఖం ముదిరిన లక్షణం. 14416 నంబరులో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు.

ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. తమ్ముడిని కఠినాత్ముడిగా చూడకండి. ఊళ్లో రోజూ నవ్వులు భరిస్తున్నది అతడే, మేత ఖర్చు చూస్తున్నది అతడే, తల్లిని పోగొట్టుకున్నదీ అతడే. ఎద్దును తీసేస్తే తండ్రి దారికి వస్తాడన్న అతని మాటలో విసుగుతో పాటు భయం కూడా నాకు వినిపించింది. ఎద్దుకు జబ్బేమో అన్న అనుమానాన్ని నాన్నగారికి చెప్పకముందే అతనికి చెప్పండి. పశువైద్యుడు వచ్చే రోజు అతణ్ణి కొట్టం దగ్గరే ఉండమనండి; కొమ్ము పరీక్షించేటప్పుడు ముకుతాడు పట్టుకుని తలను కదలకుండా నిలపాలి, నాన్నగారి చేతుల్లో ఇప్పుడు అంత సత్తువ లేదు, రాముడు కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు.